నంద్యాల మడుల్లో కప్పల లెక్క.. పాముకాటు మందుకీ దీనికీ లింకేంటి?

కాల్వకు నీళ్లొచ్చి రెండు వానలు పడ్డాయంటే చాలు.. నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో రాత్రంతా కప్పల గోలే. ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు కనిపించే బోదురుకప్ప వీడియోలు మీరూ చూసే ఉంటారు. వింత జాతేం కాదు, వానలకు మగకప్పలకు వచ్చే రంగు అది!

పాములు, కప్పలు అనగానే అందరి చూపూ నల్లమల వైపే. అహోబిలం కొండలు పక్కనే ఉన్నాయి మరి. కానీ 1860ల్లో తవ్విన కేసీ కాల్వ, కుందూ నది, చెరువులు, వాటి కింద వరిమడులు.. ఇవీ తడినేలలే. రైతుకు పాము ఎదురుపడేది ఎక్కువగా ఇక్కడే.

వీటిని లెక్కపెట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. చీకటి పడ్డాక టార్చ్ పట్టుకుని, బూట్లు వేసుకుని ఒకే గట్టు మీద, ఒకే దూరం, ఒకే టైమ్‌కి నడవాలి. కనిపించినవి, అరుపు వినిపించినవి రాసుకోవాలి. ఒక్క రాత్రితో ఏమీ తేలదు. వానలకు ముందు, తర్వాత, మందు కొట్టిన వారం.. ఇలా ఏళ్ల తరబడి పోల్చితేనే తేడా తెలుస్తుంది.

కప్ప చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటుంది. అందుకే మడిలో కొట్టిన పురుగుమందు దానికి నేరుగా ఎక్కుతుంది. కప్పలు తగ్గితే పురుగుల్ని తినేవి తగ్గుతాయి.. మళ్లీ మందే కొట్టాలి. కప్పకాళ్ల ఎగుమతిని 1987లో కేంద్రం నిషేధించడం వెనుక ఈ భయం కూడా ఉంది.

ఇక పాములు. గట్టు మీద కనబడిన ప్రతిదాన్నీ కొట్టేస్తున్నాం. నీరుకట్టెకు విషం లేదు. జెర్రిపోతు ఎలుకల్ని తిని పంటను కాపాడుతుంది. ఆస్పత్రుల్లో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.. ఈ నాలుగింటి కోసమే.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఓ అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. వీటిని 2030కల్లా సగానికి తగ్గిస్తామని 2024 మార్చిలో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది. బాగానే ఉంది. కానీ ఏ మండలంలో, ఏ నెలలో, ఏ పాము ఎక్కువో తెలియకుండా మందు ఎక్కడ, ఎంత నిల్వ పెడతారు? అడవి లెక్కలతో ఈ ప్రశ్నకు జవాబు రాదు. మడిగట్ల లెక్క కావాలి. కాలేజీల జువాలజీ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది?

రాత్రి మోటారు వేయడానికి వెళ్లే రైతన్నలూ.. చేతిలో టార్చ్, కాళ్లకు బూట్లు తప్పనిసరి. కాటేస్తే బిగించి కట్టొద్దు, కోయొద్దు, మంత్రాలంటూ టైమ్ పోగొట్టొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయండి.