ఫేర్‌వెల్ తర్వాత ఏమైంది?

కాలేజీ అంటే మన కథలకు క్యాంటీనూ, తొలిప్రేమా, ఫేర్‌వెల్ కన్నీళ్ళే. 2007 నాటి ‘హ్యాపీడేస్’ దగ్గరే ఆగిపోయాం.

కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీ చూడండి. 1972లో పెట్టారు. కోస్తా, సీమ, తెలంగాణ పిల్లల్ని ఒకేచోట ఉంచి చదివించారు. 2014లో రాష్ట్రాన్ని విడగొట్టడానికి చట్టం దొరికింది, రూమ్మేట్లను విడగొట్టే చట్టమేదీ? దానిమీద నేను చదివిన నవల ఒక్కటీ లేదు.

కడప నుంచి డిగ్రీ పట్టుకుని బెంగళూరు బస్సెక్కిన నాలాంటోడికి రూములో చోటిచ్చిందీ, రెజ్యూమె దిద్దిందీ, రెఫరల్ ఇచ్చిందీ క్లాస్‌మేట్లే. ఇంట్లో మొదటి ఇంజనీరుకి ఊరుగాని ఊర్లో వాళ్ళే చుట్టాలు. దీన్ని నాస్టాల్జియా అని తీసిపారేసే విమర్శకులకు సిటీలో చుట్టాలు ముందే ఉండుంటారు.

ఫేర్‌వెల్ తర్వాతి ఇరవై ఏళ్ళు రాయండి సామీ. మాకు ఆ కథలు కావాలి.