ఒంటె పగ్గం పట్టినవారు

ఆస్ట్రేలియా దేశపటాన్ని బల్లమీద పరచినప్పుడు మన దృష్టి సహజంగా అంచులమీదికే పోతుంది. సిడ్నీ, మెల్బోర్న్, అడిలైడ్, పెర్త్ అన్నీ సముద్రపుటొడ్డునే వెలసిన నగరాలు. ఆ దేశం విస్తీర్ణంలో మన భారతదేశానికి రెండింతలకు మించినది. అయినను దాని నడిమి భాగంలో ఊళ్ళ పేర్లు వేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఎర్రని ఇసుక, ఉప్పు పేరుకొన్న సరస్సులు, ఏళ్ళ తరబడి చినుకు రాలని మైదానాలు. ఆ లోపలి సీమను తొలిసారిగా దాటిన యూరోపియన్ల సాహసయాత్రలను గూర్చి విద్యార్థులు పుస్తకాలలో చదువుతుంటారు. చదవవలసినదే. కాని ఆ కథలను చదివేటప్పుడు ఒక ప్రశ్న అడగడం మనం మరచిపోతున్నామని నా అభిప్రాయం. దొర ఒంటెమీద కూర్చున్నాడు సరే, ఒంటె పగ్గం పట్టినది ఎవరు?

1860 ఆగస్టులో బర్క్, విల్స్ అనే ఇరువురి పేర ప్రసిద్ధికెక్కిన యాత్ర మెల్బోర్న్ నుండి బయలుదేరింది. దానికోసం ఒంటెలను మన ఉపఖండం నుండి ఓడలో తీసికొనిపోయారు. ఒంటెలతోపాటు వాటిని మేపి, మోకాళ్ళూనించి, బరువు కట్టి నడిపించే మనుషులు కూడ వెళ్ళారు. వారినే ఉర్దూలో సార్బాన్లు అంటాము. వారిలో దోస్త్ మహమ్మద్ అనే అతని చేయి మగ ఒంటె దాడిలో పనికిరాకుండా పోయింది. ఆ తరువాత మెనిండీ అనే ఊరిలోనే అతడు మరణించాడు. బర్క్, విల్స్ 1861లో కూపర్ వాగు దగ్గర ఆకలితో మరణించారు. నగరాలలో వారికి విగ్రహాలు నిలిచినవి.

ఇచ్చట మరొక మాట చెప్పక తప్పదు. వారు ఆకలితో పడిపోయిన చోటు నిర్జనారణ్యం ఏమీ కాదు. యాండ్రువాండా అనే ఆదివాసులు తరతరాలుగా అదే వాగు ఒడ్డున బ్రతుకుతున్నారు. నార్డూ అనే మొక్క గింజలను దంచి తినడం వారికి తెలుసు. దానిని తగిన విధంగా సిద్ధపరచకుండ తినడంవల్లనే యాత్రికుల శరీరాలు మరింత క్షీణించి ఉంటాయని తరువాతి పరిశోధకులు తలచారు. ఆ జట్టులో మిగిలిన జాన్ కింగ్ అనే యువకుడు ఆదివాసుల పంచన చేరి, వారు పెట్టినది తిని ప్రాణంతో బయటపడ్డాడు. పండితుడైన యాత్రికుడు చచ్చిన చోట స్థానికుడు సంసారం చేసుకొంటున్నాడు! తెలియని దేశానికి వెళ్ళేవారు మూటలో ఏమేమి కట్టుకోవాలో చెప్పే గ్రంథాలు ఎన్నో ఉన్నవి. అచ్చటి మనుషుల మాట వినే ఓపికను అవి సాధారణంగా జాబితాలో చేర్చవు.

1866లో థామస్ ఎల్డర్ అనే ధనికుడు నూటికి పైగా ఒంటెలను, 31 మంది సార్బాన్లను పోర్ట్ అగస్టా రేవులో దింపించాడు. ఆ తరువాతి యాభై, అరవై ఏండ్లలో సుమారు ఇరవై వేల ఒంటెలు, రెండు వేలకు తక్కువ కాని మనుషులు ఆ దేశం చేరినట్లు చరిత్రకారుల అంచనా. బలూచి, పఠాను, పంజాబీ, సింధీ, కాశ్మీరీ ఎవరైనా సరే, అందరికీ అచ్చట ఒకటే పేరు పెట్టారు: అఫ్గాన్లు. గుర్రాలు నీరు లేక కూలిపోయే చోట వీరి ఒంటెల బారులు గనులకు పిండి, పశుశాలలకు సరకు చేరవేసి, ఉన్నిమూటలను రైలుకట్ట దాకా మోసినవి. 1872లో పోర్ట్ అగస్టా నుండి డార్విన్ వరకు 3,200 కిలోమీటర్ల తంతితీగ పూర్తయినప్పుడు ఆ దేశపు వార్త జావా, సింగపూరు, మన మద్రాసుల మీదుగా లండన్‌కు గంటలలో చేరసాగింది. ఆ తీగ స్తంభాలకు సామగ్రి మోసినవాటిలో వీరి ఒంటెలు కూడ ఉన్నవి.

1896లో కాల్వర్ట్ పేర జరిగిన యాత్రలో ఇద్దరు దప్పికతో మరణించారు. ఆ ఎడారిలో ఒంటెలను కాపాడి నడిపించిన బలూచిస్తానీ బేజా దర్వేష్‌కు నాయకుడు వెల్స్ తన దిక్సూచిని బహూకరించాడు. ఇటువంటి గౌరవం అందరికీ దక్కలేదు. 1901లో వచ్చిన వలస నిరోధక చట్టం తరువాత వారిలో అనేకులు ఆ దేశపు పౌరులు కాలేకపోయారు. 1920 తరువాత మోటారు లారీలు వచ్చి ఒంటెల పని ముగించాయి. 1925లో దక్షిణ ఆస్ట్రేలియాలో దిక్కులేక తిరిగే ఒంటెలను చంపడానికి చట్టమే చేశారు. అనేకమంది తమ ఒంటెలను తుపాకికి బలి ఇవ్వలేక ఎడారిలోనికి వదలివేశారు. వాటి సంతతి నేటికీ అక్కడ అడవి మందలై తిరుగుతున్నది. ఇప్పుడు అడిలైడ్ నుండి డార్విన్ వరకు పోయే రైలు పేరు ఘాన్. ఒంటె బొమ్మయే దాని చిహ్నం. 2004 నుండి అది పూర్తి మార్గం నడుస్తున్నది. మెత్తని పడకలమీద ఆ ఎడారిని దాటేవారిలో ఎందరు ఆ పేరుకు అర్థం అడుగుతారో!

నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించినది మరొక సంగతి. బ్రోకెన్ హిల్ అనే గనుల ఊరిలో సార్బాన్లు కట్టుకొన్న ఇనుపరేకుల మసీదు ఉంది. ఇప్పుడది ప్రదర్శనశాల. అందులో ఒక లావుపాటి గ్రంథాన్ని చాలా కాలం పవిత్ర ఖురాన్ అని చీటీ పెట్టి ఉంచారు. ఢాకాలో పుట్టిన చరిత్రకారిణి సమియా ఖాతూన్ వెళ్ళి దానిని తెరచి చూస్తే అది బెంగాలీ కావ్యం, ప్రవక్తల కథలు, కససోల్ అంబియా! ఆమె 2018లో ప్రచురించిన ఆస్ట్రేలియానామా గ్రంథానికి ఈ సంఘటనయే బీజం.

చీటీ పెట్టినవారిలో దుర్బుద్ధి ఉన్నదని నేను అనను. ముస్లిముల పుస్తకం గనుక ఖురాను తప్ప వేరొకటి కాదని వారు నిశ్చయించుకొన్నారు, తెరచి చూడలేదు. ఈ చీటీ నాకు కొత్త కాదు. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివే రోజుల్లో, ఉద్యోగంలో చేరిన పిమ్మట కూడ, "మీరు తెలుగు చెపుతారా?" అని ఆశ్చర్యపోయినవారిని ఎందరినో చూచాను. అటువైపు మనవారిలోనే, తెలుగు చదివినవాడు తనవాళ్ళకు దూరమైపోయాడని జాలిపడిన పెద్దలను కూడ చూచాను. రెండు పక్షాలవారూ పుస్తకం తెరవకుండానే పేరు వ్రాసినవారే.

అందుచేత కళాశాల కమిటీవారికి ఒక మనవి. మన విద్యార్థులలో అనేకుల తాతలు పనికోసం దూరదేశాలు వెళ్ళినవారు. వారి ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు ఇళ్ళలో రేకుపెట్టెలలో పడి ఉన్నవి. ఉర్దూ లిపి రాని మనుమలు వాటిని ఏదో దీనీ పుస్తకమని కళ్ళకద్దుకొని మూసివేస్తున్నారు. వచ్చే సంచికలో పది పుటలు వాటికి కేటాయించండి. విద్యార్థులు తెచ్చిన కాగితాలను చదివి చెప్పేందుకు ఉర్దూ శాఖలోని మిత్రులు ఇద్దరు ఒప్పుకొన్నారు. తెలుగులోనికి తెచ్చే పని నేను చూచుకొంటాను.