సంప్రదాయ కత్తి కావాలా నాయనా?

మావాడొకడు ఎస్క్రిమా క్లాసులో చేరి మూడు నెలలు కాలేదు, మొన్న ఫోన్ చేసి "బావా, ఒరిజినల్ ఫిలిప్పినో కత్తి కొందామనుకుంటున్నా. కంపిలన్ తీసుకోనా, క్రిస్ తీసుకోనా?" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. వీడికింకా కర్ర తిప్పితే మోచెయ్యి ఎక్కడుండాలో తెలీదు!

వాణ్ణి అని ఏం లాభం లెండి, నాలుగేళ్ళ క్రితం నేనూ ఇదే బాపతు. ఆన్‌లైన్లో నూటఎనభై డాలర్లు పోసి కంపిలన్ కొన్నాను. తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు, నోరు తెరిచిన మొసలి తల లాంటి పిడి, దానికో ఎర్ర కుచ్చు. మాగెలాన్‌ని 1521లో మక్తాన్ తీరాన పడగొట్టింది ఇలాంటి కత్తేనని చెప్పుకుంటారు మరి, ఎవరికి మాత్రం చెయ్యి దురద పెట్టదు? ఒక ఆదివారం స్నేహితుడింట్లో బార్బెక్యూ, పెరట్లో నా ప్రదర్శన. మూడో ఊపుకి పిడి నా చేతిలో ఉంది, కత్తి లేదు. వెళ్ళి చెక్క ఫెన్సులో దిగబడింది. దాని కిందే వాళ్ళ పాప సైకిలు. పాప అయిదు నిమిషాల ముందు నీళ్ళు తాగడానికి లోపలికెళ్ళింది. ఆ తర్వాత వాళ్ళావిడ నాతో రెండు నెలలు మాట్లాడలేదు, ఆవిడ తప్పేమీ లేదు.

పిడి విప్పి చూస్తే లోపల పెన్సిలంత కడ్డీ, కత్తికి వెల్డింగు చేసి ఉంది. వెల్డింగు దగ్గరే విరిగింది. పిడిలోకి సన్నటి తోక ఉండటం తప్పనుకునేరు. ఫిలిప్పీన్స్ కమ్మరులు పూర్వంనించీ అలాగే తోక దింపి చెట్టు బంకతో బిగిస్తారు, మన ఊళ్ళలో లక్కతో బిగించినట్టు. కాకపోతే వాళ్ళ తోక, కత్తి ఒకటే ఇనుము. నాది అతుకు. అమ్మేవాడు "ట్రెడిషనల్" అని రాసింది మాత్రం ఆ మొసలి తలని చూసి.

అసలీ సంప్రదాయం ఎవరిది? కంపిలన్, క్రిస్, బారంగ్ అన్నీ దక్షిణాన మిండనావ్, సులు దీవుల ముస్లిం జాతులవి. గొప్ప కత్తులే, కాదన్ను. కానీ నేను కాలిఫోర్నియాలో నేర్చుకుంటున్న విద్య అక్కణ్ణించి రాలేదు. సెబు, ఆ చుట్టుపక్కల విసాయా దీవులనించి వచ్చింది. 1920ల్లో, 30ల్లో పొట్ట చేతపట్టుకుని స్టాక్టన్ దగ్గర ఆస్పరాగస్ కొయ్యడానికి వచ్చినవాళ్ళలో కొందరు దాన్ని వెంట తెచ్చారు. చాలాకాలం తమలో తామే గుట్టుగా నేర్చుకున్నారు. ఆంహెల్ కబాలెస్ 1966లో స్టాక్టన్లో బళ్ళో పెట్టి అందరికీ నేర్పడం మొదలెట్టాడు. ఆ తరం పెద్దల్ని మనోంగ్ అంటారు, ఇలొకానోలో అన్నయ్య అన్నమాట. ఆ అన్నయ్యలు మొసలి తలల పిడులు పట్టుకుని పెరగలేదు. వాళ్ళు పట్టింది బోలో.

బోలో అంటే ఏమీ లేదు, కోనసీమలో కొబ్బరి బొండాలు కొట్టే కత్తికి దూరపు చుట్టం. పొద్దున చెరుకు నరుకుతుంది, అవసరమొస్తే మనిషినీ నరుకుతుంది. 1901 సెప్టెంబర్ 28న బలంగిగ ఊరివాళ్ళు అమెరికన్ సైనికుల మీద పడినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్నవి బోలోలే. 48 మంది సైనికులు చచ్చారు. సంప్రదాయం కావాలనుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. కానీ చూడ్డానికి పనిముట్టులా ఉంటుందిగా, ఫోటోకి బాగోదు!

ఇంకో రకం మేధావులుంటారు. "కర్రే కత్తి, కత్తే కర్ర, ఏది కొంటేనేం" అంటారు. సగం నిజం, అందుకే ప్రమాదం. రాటన్ కర్ర గుండ్రంగా ఉంటుంది, ఎటు తిప్పి కొట్టినా దెబ్బే. కత్తికి వాదర ఒక పక్కే ఉంటుంది, మణికట్టు కాస్త మెలిపడితే తగిలేది వాదర కాదు, చదునైన పక్క. రెండేళ్ళు కర్ర తిప్పిన నేను మొదటిసారి బోలోతో కొడితే అరటిబోదె తెగలేదు, బోలో పక్కకి జారింది. అందుకే కొనేటప్పుడు ముందు చూడాల్సింది పిడి. గుండ్రటి పిడి వద్దు. కళ్ళు మూసుకుని పట్టుకున్నా వాదర ఎటుందో అరచేతికి తెలియాలి. చివర కిందకి వంపు ఉంటే చెమట చేతిలోంచి జారదు. ఉక్కు అంటారా, అక్కడి కమ్మరులు ఎక్కువగా వాడేది పాత బళ్ళ కమాన్ పట్టీలే. బాగా కాచి పదును పెడితే దానికి వంక లేదు, స్టెయిన్‌లెస్ మెరుపు దాని ముందు దండగ. ఇక బరువు. పది నిమిషాలు తిప్పాక మీ మోచెయ్యే చెబుతుంది.

ఇవన్నీ కూడా మీ గురువు ఏ కత్తిని మనసులో పెట్టుకుని కర్ర తిప్పుతున్నాడో అడిగిన తర్వాత. సెబు వాళ్ళయితే పినుటి అనొచ్చు, పెకిటి-టిర్సియా వాళ్ళయితే గినుంటింగ్ అనొచ్చు. ఆ ఆకారంలోనే పదును లేని అల్యూమినియంది కొని ఒక ఏడాది తిప్పండి. జతగాడితో సాధన దాంతోనే, పదునున్నది అరటిబోదెలకే. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట: ఇంటికీ పొలానికీ చేసింది కాని కత్తి 9 అంగుళాల పొడవు దాటినా, 2 అంగుళాల వెడల్పు దాటినా ఆయుధాల చట్టం కిందకొస్తుంది, నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి. సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగి "మార్షల్ ఆర్ట్స్ సార్" అంటే కస్టమ్స్ వాళ్ళు నవ్వరు.

ఇదంతా మావాడికి గంటసేపు చెప్పాను. ఊ కొట్టాడు. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు, క్రిస్ మీద ముప్పై శాతం డిస్కౌంట్ వచ్చిందని ఆర్డరిచ్చేశాడట. "ఒరే, గోడకి మేకు నేను కొట్టిస్తా, దాన్ని కిందకి దించనని మీ ఆవిడ మీద ఒట్టెయ్" అన్నాను. ఇంకా వెయ్యలేదు.