గీత కార్మికుల లచ్చన్న

సోంపేట దగ్గర బారువలో 1909లో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్నను మనం విగ్రహాలకే వదిలేశాం. అది అన్యాయం. మద్యనిషేధం కల్లుగీత కార్మికుల పొట్ట కొడుతోందని సత్యాగ్రహం నడిపి ఆయన జైలుకెళ్లారు. ఆ గొడవే ముదిరి 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రకాశమంతటి పెద్దమనిషి ఓడినందుకు బాధే; అయినా తాడిచెట్టెక్కే మనిషి బతుకు శాసనసభను కదిలించిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇవాళ లచ్చన్న పుట్టిన ఆ ఉద్దానం ప్రాంతంలోనే కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లనే గుల్ల చేస్తోంది. పలాసలో 2023లో ఆసుపత్రి తెరిచారు, మంచిదే. జబ్బుకు అసలు కారణం మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ఎమ్మెల్యేలు పార్టీలు పక్కనపెట్టి, ప్రతి శాసనసభ సమావేశంలోనూ ఆ ప్రశ్నే లేవనెత్తాలి.