వినకముందే తీర్పు తగునా?

పాప్, డిస్కో, హిప్‌హాప్ అన్న మాటలు వినగానే పెద్దలలో పలువురు పెదవి విరుస్తారు. అది గోల గాని గానం కాదని వారి అభియోగం. కళాశాల వార్షికోత్సవ వేదికపై అట్టి పాటలకు తావు ఈయరాదనేవారూ ఉన్నారు. ఈ వాదంతో మేము ఏకీభవించలేము.

కరాచీలో జన్మించి లండనులో పెరిగిన నాజియా హసన్ 1980లో ‘కుర్బానీ’ చిత్రానికి పాడేనాటికి పాఠశాల విద్యార్థినియే. ఆ పాట ఆమెకు ఫిలింఫేర్ పురస్కారాన్ని తెచ్చింది. బెంగుళూరువాడైన బిద్దు సంగీత సారథ్యంలో, సోదరుడు జొహేబ్‌తో కలసి 1981లో ఆమె వెలువరించిన ‘డిస్కో దీవానే’ ఆల్బమ్ సినిమా అండ లేకుండానే భారత, పాకిస్తాన్ యువతను అలరించింది. మన ఉర్దూ పలుకు డిస్కో లయలోనూ ఒదిగింది.

హిప్‌హాప్ 1973లో న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో, పేద యువకుల నడుమ పుట్టింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం పేరుతో వెలువడిన ‘ది మెసేజ్’ ఆ పేటల దారిద్ర్యాన్నే వర్ణించింది. పేదల గోడును చెప్పిన పాట గోల ఎట్లవుతుంది?

అన్ని ఆల్బములూ అట్టివేనని మేము అనము. స్త్రీని కించపరచేవి, మత్తును కీర్తించేవి లేకపోలేదు, వాటిని త్రోసిపుచ్చవలసినదే. కాని ఆ తీర్పుకు పాటలోని మాట ఆధారం కావాలి గాని లయ కాదు. కమిటీవారు పాటలను ముందుగా విని ఎంపిక చేయుదురు గాక. వినకముందే తలుపు మూయవద్దని మా మనవి.