శుభ్రమైనదే, కానీ అడిగినదేనా?

సీసా మీద "99 శాతం శుద్ధం" అని రాసి ఉంటే చాలామందికి ధీమా కలుగుతుంది. నాకు మాత్రం అనుమానం కలుగుతుంది. మీరు కొట్టుకు వెళ్ళి మినప్పప్పు అడిగారు. రాయీ మట్టీ లేని పెసరపప్పు పొట్లం కట్టి ఇచ్చారనుకోండి. సరుకు శుభ్రమైనదే, అడిగినది కాదు. పరిశోధనశాలలకు అమ్మే పెప్టైడ్లతోనూ ఇదే చిక్కు.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు దండలో పూసల్లా వరుసగా కలిసిన అణువు. కాన్పు సమయంలో గర్భాశయాన్ని సంకోచింపజేసే ఆక్సిటోసిన్‌లో 9 పూసలు. మూత్రంలో నీరు ఎక్కువగా పోకుండా చూసే వాసోప్రెసిన్‌లోనూ 9. తేడా రెండు పూసల్లోనే!

1963లో మెరిఫీల్డ్ ప్రకటించిన పద్ధతిలో పూస తర్వాత పూస చేరుస్తూ వీటిని తయారుచేయవచ్చు. ప్రతి చేర్పూ 99 శాతం సఫలమైనా, 30 చేర్పులయ్యేసరికి పూర్తి దండలు 74 శాతమే మిగులుతాయి. లెక్క వేసి చూడండి. తక్కినవి పూస తప్పిన దండలు. వాటిని విడదీసి కొలిచేది క్రొమటోగ్రఫీ. సీసా మీది శాతం సాధారణంగా అక్కడిదే. అది పదార్థం పేరు చెప్పదు. పొడిలోని నీటినీ, లవణాలనూ కూడా లెక్కించదు.

పేరు తేలాలంటే అణువునే తూచాలి. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఆక్సిటోసిన్ అణుభారం సుమారు 1007, మనిషిలోని వాసోప్రెసిన్‌ది సుమారు 1084. దొంగ దొరికినట్టే! కాని ల్యూసిన్, ఐసోల్యూసిన్ అనే పూసల బరువు సరిగ్గా ఒక్కటే. ఒకదాని చోట మరొకటి పడితే ఈ త్రాసుకు తెలియదు. పూసల వరుస తారుమారైనా మొత్తం బరువు మారదు. వరుస తెలియాలంటే దండను ముక్కలు చేసి ఆ ముక్కలను తూచాలి. అసలు నమూనాతో పోల్చాలి. 1953లో ఆక్సిటోసిన్‌ను తొలిసారి కృత్రిమంగా తయారుచేసిన డు విన్యో బృందం కూడా దాన్ని సహజమైన హార్మోన్‌తో పోల్చి చూసింది.

అందుకే, శాతం ఒక్కటే ఉన్న పరీక్షా పత్రాన్ని నేను ఒప్పుకోను. ఏ బ్యాచ్‌ను, ఏ పద్ధతిలో, ఎవరు పరీక్షించారో, యంత్రం గీసిన గీతలేవో చూపాలి. పేరు తప్పిన సీసాతో చేసిన ప్రయోగం ఎన్ని నెలలు సాగినా వృథాయే. ఇక "పరిశోధనకు మాత్రమే" అని రాసిన సీసాలను కండల కోసం సూదితో ఎక్కించుకుంటున్నవారు ఉన్నారు. ఆ పొడి పైన చెప్పిన పరీక్షలన్నీ నెగ్గినా, అందులో సూక్ష్మజీవులు గాని, వాటి విషాలు గాని లేవని ఆ పరీక్షల్లో ఏ ఒక్కటీ చెప్పదు.