బిట్టు చెప్తే మార్కు వస్తది, బేస్‌మెంటు ఎవరేస్తారు?

పోస్టు పొడుగ్గా ఉంటది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, తర్వాత తిట్టేవాళ్ళు తిట్టండి.

ఈ మధ్య మన గ్రూపులో రెండు రకాల పోస్టులు నడుస్తున్నాయి. ఒకటి పోటీ పరీక్షల జీకే బిట్లు. వాటికి నేనూ లైకు కొడుతున్నా. రెండోది ఇది: "గవర్నమెంటు ఎస్టీలకి ఇంటికి 75 వేలు ఎక్కువ ఇస్తంది, అయినా మనోళ్ళు కట్టుకోరు, కట్టినా అందులో ఉండరు, మనకే బాధ్యత లేదు." రాసిన అన్న మీద నాకు కోపం లేదు, ఆయన కష్టపడి ఉద్యోగం తెచ్చుకున్నాడు. నా కోపం ఆ మాట మీద. ఎందుకంటే ఆ మాట ఆఫీసుల్లో మన వెనకాల అనే మాట. ఇప్పుడు మన నోటితో మనమే అంటున్నాం.

ముందు బిట్లు చూద్దాం. కృష్ణా జిల్లా కేంద్రం? మచిలీపట్నం, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది. రాష్ట్ర పక్షి? రామచిలుక, 2018 నుంచి, అంతకుముందు పాలపిట్ట. దివిసీమ ఉప్పెన ఎప్పుడు? 1977 నవంబర్ 19. ఆంధ్రా బ్యాంకు ఎక్కడ పుట్టింది? బందరులో, 1923లో, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గుడివాడ మల్లాయపాలెం టిడ్కో ఇళ్ళు ఎన్ని? 8,912. అన్నీ కరెక్టే కదా? ఐదుకి ఐదు మార్కులు.

ఇప్పుడు ఎవరూ అడగని బిట్లు. బ్యాంకు పుట్టిన ఊరికి కూతవేటు దూరంలో కాలవ గట్టు మీద ఉండే యానాది ఇంటికి హౌసింగ్ లోను ఎందుకు రాదు? ఉప్పెన వచ్చి ఇన్నేళ్ళయినా మన గుడిసె ఇంకా గట్టు మీదే ఎందుకుంది? 8,912 ఇళ్ళలో మన తలుపులు ఎన్ని? ఈ బిట్లకి ఏ గైడు పుస్తకంలోనూ కీ ఉండదు.

అసలు విషయానికి వస్తా. ఇల్లు కొనాలన్నా కట్టాలన్నా ముందు కొంత సొమ్ము మన చేతిలోంచి తియ్యాలి. టౌనోళ్ళు దాన్ని డౌన్ పేమెంట్ అంటారు. ఆఫీసు కాగితంలో లబ్ధిదారు వాటా అంటారు. పేరేదైనా ఒకటే గేటు. ఆ గేటు దగ్గరే మనోళ్ళు ఆగిపోతున్నారు, బాధ్యత దగ్గర కాదు.

బ్యాంకు లెక్క చూడండి. రిజర్వ్ బ్యాంకు రూలు ప్రకారం 30 లక్షల లోపు ఇంటి లోను ఇల్లు విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. అంటే 10 లక్షల ఇంటికి లక్ష రూపాయలు మనదే. రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే, మన రాష్ట్రంలో అది 7.5 శాతం. పైగా జీతం స్లిప్పు కావాలి, తాకట్టుకి పట్టా కావాలి. పీతలు పట్టేవాడికి, చేలల్లో ఎలకల బుట్టలు పెట్టేవాడికి జీతం స్లిప్పు ఎవడిస్తాడు?

టిడ్కో లెక్క. 300 అడుగుల ఇల్లు రూపాయికే ఇస్తామన్నారు, బాగుంది. 365 అడుగుల దానికి లబ్ధిదారు వాటా 50 వేలు ఉన్నదాన్ని 25 వేలు చేశారు. 430 అడుగుల దానికి లక్ష ఉన్నదాన్ని 50 వేలు చేశారు. వాటా సగం గవర్నమెంటే పెట్టుకుంది. ఇది మంచి పనే, కాదనను. దీన్నిబట్టి ఒక సంగతి తేలింది గదా! ముందు డబ్బే అడ్డం అని గవర్నమెంటుకి తెలుసు, తలుచుకుంటే ఆ అడ్డం తియ్యగలదు. మరి టౌనులో డీడీ కట్టేవాళ్ళ విషయంలో తెలిసింది, కాలవ గట్టు దగ్గరికొచ్చేసరికి ఎందుకు మర్చిపోయింది?

ఇక మన పల్లెల లెక్క. సెంటున్నర స్థలం, 1 లక్ష 80 వేలు. దానిమీద 2025 మార్చిలో, సగంలో ఆగిన ఇళ్ళకి ఎస్సీ, బీసీలకి 50 వేలు, ఎస్టీలకి 75 వేలు, పీవీటీజీలకి లక్ష అదనం అన్నారు. కాగితం మీద బాగానే ఉంది. డబ్బు వచ్చే పద్ధతి చూడండి. ముందు నువ్వు పని చెయ్యాలి, తర్వాత వాళ్ళొచ్చి ఫొటో తీస్తారు, అప్పుడు బిల్లు పడుద్ది. మళ్ళీ తర్వాత దశ, మళ్ళీ ఫొటో. అంటే ప్రతి దశకీ ముందు పెట్టుబడి మనది. పేరుకి ఉచిత ఇల్లు, నడిచేదేమో డౌన్ పేమెంట్ మీద.

అదీ దివిసీమలో! నాగాయలంక, కోడూరు వైపు తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇచ్చిన స్థలం చాలాచోట్ల పల్లం. వానొస్తే మోకాటి నీళ్ళు. ముందు మెరక తోలాలి, ట్రాక్టర్ల కొద్దీ మట్టి కొనాలి. నల్లమట్టి, పునాది లోతుగా తియ్యాలి. ఈ ఖర్చంతా బేస్‌మెంటు కన్నా ముందే. బిల్లేమో బేస్‌మెంటు అయ్యాక.

మరి మనోళ్ళు ఆ డబ్బు ఎక్కడ తెస్తున్నారు? మా బాబాయ్ వాళ్ళ సంగతి చెప్తా. పట్టా వచ్చింది, శాంక్షన్ కాగితం వచ్చింది. మెరకకి, పునాదికి చేతిలో పైసా లేదు. గుడివాడ అవతల ఒక చేపల చెరువు ఆయన దగ్గర 40 వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. బాబాయ్, పిన్ని ఇద్దరూ ఆ చెరువు గట్టు మీద కాపలా ఉండాలి, రాత్రీ పగలూ. ఇద్దరికీ కలిపి ఇచ్చే జీతంలో అడ్వాన్సు కింద కోత. పిల్లోడికి జ్వరమొచ్చిందని ఇంకో 5 వేలు తీసుకుంటే అదీ కలిసింది. రెండేళ్ళయినా అడ్వాన్సు తీరలేదు. బేస్‌మెంటు అయితే లేచింది. దాని మీద ఇప్పుడు తుమ్మ మొక్కలు లేచినయ్.

తర్వాత ఏమైందో వినండి. తనిఖీకి వచ్చినాయన "ఇక్కడ ఎవరూ ఉండట్లేదు, వీళ్ళకి ఇల్లు అక్కర్లేదు" అని రాసుకెళ్ళాడు. ఇల్లు కోసం తెచ్చిన అప్పే మనిషిని ఇంటికి దూరంగా కట్టేసింది. ఇంట్లో ఉండట్లేదు గనక ఇల్లు అక్కర్లేదంట! "యానాదోళ్ళు ఒకచోట ఉండరు, తిరుగుతానే ఉంటారు" అనే మాట ఇట్టాంటి చోటే పుడుద్ది. మా బాబాయ్ తిరగట్లేదు. గట్టు దిగనివ్వట్లేదు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఇదీ ఒక జీకే బిట్టే. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కదలనివ్వకుండా పనిచేయించుకోవడం ఆ చట్టం ప్రకారం నేరం. 1976 అని టిక్కు పెట్టి మార్కు తెచ్చుకుంటాం. సెలవులకి ఇంటికెళ్తే అదే గట్టు మీద మన పిన్ని టార్చిలైటు పట్టుకుని తిరుగుతుంటది.

కొందరు అంటారు, "ముందే డబ్బు చేతికిస్తే తాగేస్తారు, అందుకే ఫొటో తీసి ఇస్తారు" అని. ఈ మాటకి రెండు సమాధానాలు. ఒకటి, కేంద్రం గ్రామీణ ఆవాస్ యోజన రూలే మొదటి వాయిదాని శాంక్షన్ అయిన వారంలో ఖాతాలో వెయ్యమంటది, పని మొదలెట్టకముందే. దేశంలో మిగతా పేదలందరినీ నమ్మినప్పుడు మనల్ని నమ్మడానికి ఏం రోగం? రెండు, డబ్బే ఇవ్వక్కర్లేదు. మెరక తోలించండి, పునాది వేయించండి, ఇటుక దింపండి. మట్టిని ఎవడూ తాగడు.

ఇంకొందరు అంటారు, "గిరిజనులకి కేంద్రం కొత్త పథకాలు పెట్టింది గదా" అని. పెట్టింది. 2023 నవంబర్ 15న పీఎం జన్‌మన్ మొదలైంది, ఇంటికి 2 లక్షల 39 వేలు. అది పీవీటీజీలకే. మన రాష్ట్రంలో చెంచులు, కొండరెడ్లు, సవరలు, గదబలు లాంటివాళ్ళు ఆ లిస్టులో ఉన్నారు. వాళ్ళకి రావాల్సిందే, ఇంకా ఎక్కువ రావాలి. యానాదులు ఆ లిస్టులో లేరు, ఎరుకలోళ్ళు లేరు, సుగాలీలు లేరు. 2024 అక్టోబర్ 2న ధర్తీ ఆబా పథకం మొదలైంది. దాని రూలు ప్రకారం ఊరి జనాభా 500 ఉండి, అందులో సగం మంది ఎస్టీలు అయి ఉండాలి. కృష్ణా జిల్లాలో ఏజెన్సీ ఏరియా లేదు. మనం ఊరికి పది ఇళ్ళు, ఇరవై ఇళ్ళు, అదీ ఊరి చివర. సగం జనాభా ఎక్కడినుంచి తెస్తాం? కొండ మీద ఉంటే గిరిజనులం, డెల్టాలో ఉంటే లెక్కలో లేనోళ్ళం.

బయటి దేశం సంగతి ఒకటి చెప్తా. అమెరికాలో ఆదివాసులకీ ఇదే చిక్కు వచ్చింది. వాళ్ళ రిజర్వేషన్ భూమి చాలావరకూ ప్రభుత్వ ట్రస్టులో ఉంటది, తాకట్టుకి బ్యాంకులు ఒప్పుకోవు. మన పోరంబోకు గట్టు లాగే, మన డీ పట్టా లాగే. వాళ్ళేం చేశారు? 1992లో సెక్షన్ 184 అని ఒక లోను పథకం తెచ్చారు. బ్యాంకు ఇచ్చే అప్పుకి గవర్నమెంటే పూర్తి గ్యారంటీ. ముందు కట్టాల్సింది 50 వేల డాలర్లు దాటిన లోనుకి 2.25 శాతం, అంతకన్నా చిన్న లోనుకి 1.25 శాతం. మన బ్యాంకు అడిగే 10 శాతంతో పోల్చుకోండి. అక్కడ ఆదివాసుల కష్టాలన్నీ తీరాయని నేననను. కానీ "వాళ్ళకి ఇల్లంటే ఇష్టం లేదు" అని ఊరుకోకుండా, గేటు ఎక్కడ మూసుకుందో చూసి అక్కడ తాళం తీశారు.

కాబట్టి మనం అడగాల్సింది ఇవి.

ఒకటి. ఎస్టీ లబ్ధిదారుకి మొదటి వాయిదా పునాది కన్నా ముందే పడాలి. ఆ అదనపు 75 వేలల్లో మెరక, పునాది ఖర్చు ముందే విడదీసి ఇవ్వాలి. చివర్లో ఇచ్చే 75 వేలు చెరువు ఆయన అప్పుకి పోద్ది, ఇంటికి కాదు.

రెండు. టిడ్కోలో గానీ బ్యాంకు లోనులో గానీ ఎస్టీ కుటుంబం మొదటి ఇంటికి కట్టాల్సిన వాటాని సబ్‌ప్లాన్ నిధుల్లోంచి కట్టాలి. 2013లో చట్టం చేసింది ఇందుకే గదా.

మూడు. స్థలం పని దగ్గర ఇవ్వాలి. వలలు, బుట్టలు పెట్టుకోను చోటుండాలి. ఏరు వదిలి ఎనిమిది కిలోమీటర్లు అవతల పట్టా ఇచ్చి "ఉండట్లేదు" అంటే ఎట్టా?

నాలుగు. "నివాసం లేరు" అని ఇల్లు రద్దు చేసే ముందు వాళ్ళు ఎక్కడున్నారో, ఎవరి అడ్వాన్సు కింద ఉన్నారో విచారణ చెయ్యాలి. అడ్వాన్సు తేలితే ఆ కేసు వెట్టి చట్టం కింద పెట్టాలి.

ఇవి అడగడానికి మనకి లీడరు అక్కర్లేదు. బందరు కలెక్టరేటులో ప్రతి సోమవారం అర్జీలు తీసుకుంటారు. అంతకన్నా ముందు సమాచార హక్కు కింద అడగండి: మీ మండలంలో ఎస్టీలకి శాంక్షన్ అయిన ఇళ్ళు ఎన్ని, బేస్‌మెంటు దగ్గర ఆగినవి ఎన్ని, "నివాసం లేరు" అని రద్దు చేసినవి ఎన్ని. మండల ఆఫీసుకి ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకి 10, తెల్లకార్డు జిరాక్సు పెడితే అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, నందివాడ, ముదినేపల్లి మండలాల నుంచి మన గ్రూపులో పిల్లలున్నారు. మండలానికి ఒక్కరు రాస్తే చాలు. రాయడం రానివాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, హాస్టల్లో రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీ, నేను రాసి పెడతా.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అమ్మానాన్నలకి వేలిముద్ర తప్ప సంతకం రాదు. వాళ్ళు ఆఫీసులో నిలబడి ఈ లెక్క అడగలేరు, మనం అడగగలం. బిట్లు బట్టీ పట్టండి, నేనూ పడతా, ఉద్యోగం కావాలి. కానీ చదువుకున్న నోటితో "మనోళ్ళకే బాధ్యత లేదు" అనే మాట మాత్రం ఇంకోసారి అనొద్దు. ఆ మాట అనడానికి ఊళ్ళో చాలామంది ఉన్నారు. లెక్క అడగడానికే ఎవరూ లేరు.

కామెంట్లలో జై కొట్టి వదిలెయ్యకండి. మీ మండలం పేరు రాయండి.